క్లెమ్ కూచున్న చోటు

ఈ ఏటి సావనీరుకి ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘం వాళ్ళు ఉత్తరం రాశారు. పాత విద్యార్థుల్ని ఇలా అడగటం మన కాలేజీలో ఆనవాయితీ. వాళ్ళు ఆశించేదేమిటో నాకు తెలుసు. మెస్సులో సాంబారు ఎంత పల్చగా ఉండేది, ఎలక్షన్లలో ఎవరు ఎవర్ని ఓడించారు, ఏ మాస్టారు ఏ పాఠం ఎంత బాగా చెప్పారు, ఇలాంటివి. అవన్నీ నాకన్నా రుచిగా రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను మాత్రం మన కాలేజీ గడప ఎన్నడూ తొక్కని ఒక పరాయి దేశపు మనిషిని తలుచుకుందామనుకుంటున్నాను. ఆయన పేరు లూయీ క్లెమంటాస్కీ. మోటారు పందేల ఫొటోగ్రాఫరు. 2001లో పోయాడు. పందేల లోకంలో అందరూ ఆయన్ని క్లెమ్ అనే పిలిచేవారు. చనువుగా నేనూ అలాగే అంటాను.

సాంబారు వదిలేసి ఈయన గొడవ ఎందుకయ్యా అని మీరు అనుకోవచ్చు. కారణం ఉంది. కాస్త ఓపిక పడితే అదీ చెబుతాను. మన కాలేజీకి సంబంధించిందే.

నేను మెకానికల్ మూడో సంవత్సరంలో ఉన్నప్పటి మాట. 1981. లైబ్రరీ మేడ మీద చివరి బీరువాలో ఇంగ్లీషు మోటారు పత్రికల పాత బైండు పుస్తకాలు ఉండేవి. పరీక్షలకి పనికిరావు గనక వాటిని ఎవరూ ముట్టుకునేవారు కాదు. మధ్యాహ్నం ఎండకి ఫ్యాను కింద కునుకు తియ్యటానికి పోయి, నిద్ర పట్టక, ఒక పుస్తకం లాగి తిరగేస్తూంటే ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. రేసు కారు ఫొటో. అప్పటిదాకా నేను చూసిన రేసు ఫొటోలన్నీ రోడ్డు పక్కన నిలబడి తీసినవే. ఇది అలా కాదు. కారు లోపల, డ్రైవరు పక్క సీట్లో కూచుని తీసింది. కుడిపక్క డ్రైవరు భుజం. స్టీరింగు మీద చేతులు. ఎదర ఒంపు తిరుగుతున్న రోడ్డు. రోడ్డు వార జనం. మధ్యలో కంచె లేదు, తాడు లేదు. ఎవరో నన్ను ఎత్తుకెళ్ళి ఆ సీట్లో పడేసినట్టయింది. ఫొటో కింద చిన్న అక్షరాల్లో క్లెమంటాస్కీ అని ఉంది.

అప్పట్లో నాకూ ఫొటోల పిచ్చి. సంఘం తాలూకు యాషికా కెమెరా నా చేతిలో ఉండేది. కాలేజ్ డేకీ, ఆటల పోటీలకీ ఫొటోలు తీసే పని నాదే. అందుచేత ఈయన ఎవరో తెలుసుకోవాలని పట్టుబట్టాను. అప్పుడు దొరికింది కొంచెమే. మిగతాది తరవాత నలభై ఏళ్ళలో, ఉద్యోగం మధ్య, ప్రయాణాల మధ్య, కొద్దికొద్దిగా పోగు చేసుకున్నాను.

క్లెమ్ 1912లో మంచూరియాలోని హర్బిన్‌లో పుట్టాడు. అది చైనాకి ఈశాన్య మూల, రష్యా వాళ్ళు రైలుమార్గం వేస్తూ పెంచిన ఊరు. అక్కణ్ణించి కుర్రతనంలోనే ఇంగ్లండు చేరాడు. చేరినవాడికి బ్రూక్లండ్స్ కంటబడింది. లండన్‌కి దగ్గర్లో, సర్రే జిల్లాలో, 1907లో కట్టిన మోటారు పందేల బాట అది. చుట్టు రెండున్నర మైళ్ళ పైచిలుకు. మలుపుల దగ్గర కాంక్రీటుని గోడలా వాలుగా ఎత్తి కట్టారు. మోటార్ల కోసమని అలా వాలు పెట్టి కట్టిన మొదటి బాట అదేనంటారు. ఆ కాలపు కుర్రకారుకి అది కాశీ, రామేశ్వరం అన్నీను. క్లెమ్ కూడా అక్కడ చిన్న ఆస్టిన్ సెవెన్ కారుతో పందేల్లో దిగాడు. కుర్ర డ్రైవర్ల క్లబ్బు ఒకటి ఉంటే దాని పనులు నెత్తిన వేసుకున్నాడు. అంతలో ప్రమాదం జరిగింది. గట్టి దెబ్బలు తగిలాయి. పందేల్లో తోలే ఆశ అక్కడితో ముగిసింది.

సాధారణంగా ఇలాంటివాళ్ళు ఆ చోటు వదిలిపెట్టి పోతారు. లేదా అక్కడే ఒక మూల కూచుని పాత గొప్పలు చెప్పుకుంటారు. క్లెమ్ రెండూ చెయ్యలేదు. కెమెరా పుచ్చుకుని ఆ బాట అంచుకే తిరిగొచ్చాడు.

కాలం కూడా కలిసొచ్చింది. అంతకు ముందు పత్రికల ఫొటోగ్రాఫర్లు మోసేవి పెట్టెల్లాంటి కెమెరాలు. ఒక్కొక్క ఫొటోకీ ఒక్కొక్క ప్లేటు మార్చాలి. జర్మనీలో వెట్జ్‌లార్ అనే ఊళ్ళో ఆస్కార్ బార్నాక్ అనే మెకానిక్ సినిమా ఫిల్ము మీద పనిచేసే చిన్న కెమెరా తయారుచేశాడు. 1925లో లైకా అన్న పేరుతో అది బజారులోకి వచ్చింది. కోటు జేబులో పడుతుంది. ఒక చుట్టకి 36 ఫొటోలు. క్లెమ్ దాన్ని పట్టుకున్నాడు.

ఇక్కడ మన ఇంజనీరింగు తమ్ముళ్ళ కోసం చిన్న లెక్క. గంటకి 160 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకి 44 మీటర్లు పోతుంది. షట్టరు సెకనులో నూరో వంతు తెరుచుకుంటే ఆ లోపల కారు 44 సెంటీమీటర్లు జరిగిపోతుంది. ఫొటోలో కారు అలుక్కుపోతుంది. అయిదువందో వంతు తెరిచినా తొమ్మిది సెంటీమీటర్లు. దీనికి రెండు ఉపాయాలు. ఒకటి, కారు కదలికతో పాటు కెమెరానీ తిప్పుతూ మీట నొక్కటం. అప్పుడు కారు నిలకడగా పడుతుంది, వెనక చెట్లూ చేమలూ గీతలైపోతాయి. రెండోది, కారు ఎక్కడికి వస్తుందో ముందే తెలిసి ఉండటం. మొదటిది సాధన చేస్తే ఎవరికైనా వస్తుంది. రెండోది స్టీరింగు పట్టినవాడికి గాని రాదు. ఏ మలుపులో డ్రైవరు ఎక్కడ బ్రేకు వేస్తాడు, ఎక్కడ చక్రం జారుతుంది, ఏ క్షణాన మొహం బిగుసుకుంటుంది, ఇవన్నీ క్లెమ్‌కి ఒంటికి తెలుసు. అందుకే ఆయన ఫొటోల్లో కారు కన్నా ముందు మనిషి కనబడతాడు. తిరగబడిన మోచెయ్యీ, నొక్కుకున్న పెదవీ, దూరంగా ఎటో చూస్తున్న కళ్ళూ కనబడతాయి. ఇ.ఆర్.ఎ. కార్లు తోలిన రేమండ్ మేస్‌నీ, సయాం రాకుమారుడు బీరానీ ఆయన అలాగే పట్టుకున్నాడు. బీరా మన ఆసియావాడు కదా, ఆ దొరల మధ్య అతని మొహం చూసినప్పుడల్లా నాకు కాస్త గర్వంగా ఉండేది.

1937, 38ల్లో జర్మనీ వాళ్ళు మెర్సిడెస్, ఆటో యూనియన్ కార్లు వేసుకుని ఇంగ్లండులోని డోనింగ్టన్‌కి వచ్చారు. ఇంగ్లీషు జనం అంతటి బలమైన కార్లు అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. అక్కడ ఒక దిబ్బ దాటేచోట ఆ కార్లు నాలుగు చక్రాలూ నేల విడిచి లేచేవి. మొదటి ఏడు రోజ్‌మేయర్, రెండో ఏడు నువొలారీ గెలిచారు. రెండేళ్ళూ క్లెమ్ అక్కడున్నాడు. ఆ మరుసటి ఏడు యుద్ధం వచ్చింది. బ్రూక్లండ్స్ మూతపడింది. మళ్ళీ అక్కడ పందేలు జరగలేదు.

యుద్ధంలో క్లెమ్ కెమెరా బ్రిటిష్ నౌకాదళం కొలువులోకి పోయింది. చిత్రవిచిత్రమైన ఆయుధాలు కనిపెట్టటానికి వాళ్ళు ఒక విభాగం పెట్టారు. నవలలు రాసిన నెవిల్ షూట్ కూడా అందులో పనిచేశాడు. ఆ ఆయుధాల పరీక్షల్ని ఫిల్ము తియ్యటం క్లెమ్ పని. వాటిలో ఒకదాని పేరు పాన్‌జాండ్రమ్. పదడుగుల ఎత్తున్న రెండు చెక్క చక్రాలు, నడుమ మందుగుండు నింపే పీపా, చక్రాల చుట్టూ రాకెట్లు. రాకెట్లు అంటిస్తే చక్రాలు భూచక్రంలా గిరగిరా తిరుగుతూ, సముద్రపు ఒడ్డున దిగి, ఇసక మీద దొర్లుకుంటూ పోయి శత్రువు కట్టిన కాంక్రీటు గోడని గుద్ది పేలాలి. ఊహ బాగానే ఉంది. దీపావళి నాడు భూచక్రం ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు?

1944 జనవరిలో డెవన్ తీరాన పెద్ద పెద్ద అధికారుల ఎదుట ఆఖరి పరీక్ష పెట్టారు. పీపాలో మందుగుండు లేదు గాని రాకెట్లు నిజమైనవే. బండి మొదట చక్కగా దొర్లింది. అంతలో రాకెట్లు ఊడిపోవటం మొదలెట్టాయి. బండి వంకరపోయి తిన్నగా కెమెరా వైపు తిరిగింది. క్లెమ్ దూరపు లెన్సులోంచి చూస్తున్నాడు. గాజులోంచి చూసేవాడికి దూరం లెక్క తప్పుతుంది. ఇంకా ఎక్కడో ఉందనుకుని తీస్తూనే ఉన్నాడు. చప్పుడు మీద పడ్డాక తలెత్తి చూస్తే రాకెట్లు నాలుగు దిక్కులా చిమ్ముకుంటూ బండి తనమీదికే వస్తోంది. కాళ్ళకి బుద్ధి చెప్పాడు. దొరలూ జనరళ్ళూ గులకరాళ్ళ గుట్ట వెనక ముళ్ళతీగల్లోకి దూకారు. బండి పక్కకి వాలి ముక్కలైపోయింది. ఆ ఆయుధాన్ని ఆ తరవాత మూలపడేశారు.

ఇది చదివి అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను, మొదటిసారి. రెండోసారి చదివినప్పుడు నవ్వు రాలేదు. ఎందుకో చెప్పటానికి ఇదే చోటు.

1982 కాలేజ్ డేకి నాలుగు రోజుల ముందు. క్లెమ్ ఫొటో నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఆ ఏటి సావనీరు అట్టకి అలాంటి ఫొటో ఒకటి వెయ్యాలని నా ఆశ. కార్లు ఎక్కడ తెస్తాం? మా రూమ్మేటు దగ్గర యెజ్డీ మోటారు సైకిలు ఉండేది. వాళ్ళ మావయ్యది, అడిగి తెచ్చుకున్నాడు. వాణ్ణి బతిమాలి, వర్క్‌షాపు వెనక మలుపు దగ్గరికి తీసుకుపోయాను. నువ్వు ఒరిగి మలుపు తిరుగు, నేను తీస్తానన్నాను. మొదటిసారి తిరిగాడు. నాకు తృప్తి లేదు. రెండోసారి తిరిగాడు. ఇంకా జోరుగా రమ్మన్నాను. ఫిల్ము ఖరీదు. కాలేజ్ డే మొత్తానికి సంఘం ఇచ్చింది రెండే చుట్టలు. ఇక ఒక్కటే ఫొటో తీస్తానని, ఈసారి పూర్తిగా ఒరగమని చెప్పాను. వాడు బండి వెనక్కి తిప్పుకుని పోయాడు.

వాడు మలుపులోకి వస్తూంటే కెమెరా కిటికీలో చిన్నగా కనబడ్డాడు. ఇంకా దూరం ఉందనిపించింది. ఒక అడుగు ముందుకి వేశాను. ఇంకొక అడుగు వేశాను. కిటికీలోంచి చూస్తూ వేశాను. ఆ రెండో అడుగుతో నా కాలు తారురోడ్డు మీదికి వచ్చింది. వాడు నన్ను తప్పించటానికి హాండిలు తిప్పాడు. బండి జారింది. వాడి కుడికాలు బండి కింద పడి మోకాలి కింద రెండుచోట్ల విరిగింది.

ఆ సాయంత్రం అందరూ అడిగితే, మలుపులో కంకర ఉంది, దాని మీద చక్రం జారింది అని చెప్పాను. కంకర ఉన్న మాట నిజమే. అంచున గుప్పెడు కంకర ఉంది. వాడికి ఆస్పత్రిలో తెలివి నిలకడగా వచ్చేసరికి ఆ కంకర కథ కాలేజీ అంతా పాకిపోయింది. వాడు కూడా దాన్నే నమ్మాడు. దెబ్బ తగిలిన క్షణం వాడికి సరిగ్గా జ్ఞాపకం లేదు. వాడికి ఒక ఏడు పోయింది. కాలు అతుక్కుంది గాని మునుపటిలా కాలేదు. ఇప్పటికీ మెట్లెక్కితే కుడికాలు ఈడుస్తాడు. ఆ ఏటి సావనీరు అట్ట మీద సంఘం ఎంబ్లం వేశారు.

ఇక క్లెమ్ దగ్గరికి పోదాం. యుద్ధం అయ్యాక ఆయన మళ్ళీ పందేలకి వచ్చాడు. ఇటలీలో మిలె మిలియా అని ఒక పందెం ఉండేది. అంటే వెయ్యి మైళ్ళు. 1927లో మొదలైంది. బ్రెషా అనే ఊళ్ళో బయల్దేరి, తూర్పు సముద్రం వారగా దక్షిణానికి దిగి, కొండలు దాటి రోము చేరి, అక్కణ్ణించి ఫ్లోరెన్సు, బొలోన్యా మీదుగా తిరిగి బ్రెషాకే రావాలి. అదంతా మామూలు రోడ్డే. ఊళ్ళ మధ్య నించీ, చర్చిల పక్క నించీ, రైలు పట్టాల మీద నించీ పోయే దారే. దారి పొడుగునా లక్షల జనం. కార్లు ఒక్కొక్కటే విడివిడిగా బయల్దేరతాయి. ఏ కారు ఎన్నింటికి బయల్దేరుతుందో అదే దాని నంబరు. డ్రైవరు పక్కన ఇంకొకణ్ణి కూచోబెట్టుకోవచ్చు. దారి చెప్పటానికన్న మాట. గాలీ, ఇంజను హోరూ కలిసి మాట వినబడదు గనక చెప్పేదంతా చేతి సైగలతోనే.

క్లెమ్ ఆ సీట్లో కూచున్నాడు. మోజుకి ఒకసారి కాదు, ఏడు తరవాత ఏడు. మీరు ఒక్కసారి ఆలోచించండి. డ్రైవరుకి స్టీరింగు ఉంది, బ్రేకు ఉంది. పక్కనున్నవాడికి ఏమీ లేదు. అవతలివాడి చేతుల మీద నమ్మకం తప్ప. ఒకసారి ప్రమాదంలో దెబ్బతిని పందేలు మానుకున్న మనిషి ఆ సీట్లో కూచోటానికి ఒప్పుకున్నాడు. డ్రైవర్లు కూడా ఎవర్ని పడితే వాళ్ళని ఎక్కించుకోరు. భయపడి చెయ్యి పట్టుకునేవాడు పక్కనుంటే ఇద్దరూ పోతారు. క్లెమ్‌ని పక్కన కూచోబెట్టుకోవటమే వాళ్ళు ఆయనకి ఇచ్చిన మర్యాద.

1953లో రెజ్ పార్నెల్ తోలిన ఆస్టన్ మార్టిన్‌లో వెళ్ళాడు. దారిలో థ్రాటిల్ కేబులు తెగిపోయింది. ఇంకొకరైతే కారు పక్కకి తీసి టీ తాగేవారు. పార్నెల్ థ్రాటిల్‌ని పూర్తిగా తెరిచి తీగతో కట్టేశాడు. అంటే ఇంజను ఉంటే పూర్తి బలంతో ఉంటుంది, లేకపోతే లేదు. మధ్యస్థం లేదు. ఇగ్నిషన్ స్విచ్చి ఆర్పుతూ, వెలిగిస్తూ మలుపులన్నీ అలాగే తోలుకుంటూ వచ్చాడు. పక్కన క్లెమ్. అయిదో స్థానంలో గమ్యం చేరారు. మెకానికల్ వాళ్ళకి ఇది చెబితే నమ్మరు. కాని జరిగింది.

1956లో ఇరవై నాలుగేళ్ళ పీటర్ కాలిన్స్ అనే ఇంగ్లీషు కుర్రాడి పక్కన, ఫెరారీ కారులో. ఆ రోజు కుండపోత వాన. పైకప్పు లేని కారు. రెండో స్థానంలో వచ్చారు. గెలిచింది కాస్తెలొత్తి. ఈ కాలిన్స్ ఎలాంటివాడో ఒక్కమాట చెప్పాలి. అదే ఏడు సెప్టెంబరులో మోన్జా పందెంలో, తనకీ ప్రపంచ చాంపియన్ అయ్యే అవకాశం ఉండి కూడా, కారు చెడిపోయి నిలబడ్డ ఫాంజియోకి తన కారు దిగి ఇచ్చేశాడు. ఆ ఏడు ఫాంజియో చాంపియన్ అయ్యాడు. క్లెమ్ కూచున్నది అలాంటివాడి పక్కన.

1957 మే 12. మళ్ళీ కాలిన్స్, మళ్ళీ ఫెరారీ. కారు నంబరు 534. అంటే తెల్లవారుజామున 5 గంటల 34 నిమిషాలకి బయల్దేరారు. క్లెమ్ ఒక చేత్తో సైగ, ఇంకో చేత్తో కెమెరా. లైబ్రరీలో నన్ను ఆపేసిన ఫొటో ఆ రోజుదే. రోము చేరేసరికి వాళ్ళే ముందు. బొలోన్యాలోనూ వాళ్ళే ముందు. గెలుపు ఖాయం అనుకుంటూండగా పార్మా దగ్గర కారు వెనక ఇరుసు వైపు యంత్రం దెబ్బతిని ఆగిపోయింది. యాభై ఏళ్ళ తారుఫీ గెలిచాడు. పాపం, అన్నేళ్ళుగా ఆ గెలుపు కోసమే ఎదురుచూసినవాడు, గెలిచి పందేలకి సెలవు చెప్పాడు.

కాలిన్స్, క్లెమ్‌ల కారు ఆగిపోయిన ఆ రోజునే, వాళ్ళు వెళ్ళాల్సిన దారిలోనే, బ్రెషాకి కొద్ది దూరంలో గ్విదిజ్జోలో అనే ఊరి దగ్గర ఇంకో ఫెరారీ టైరు పేలింది. తోలుతున్నవాడు స్పెయిన్ దొరబిడ్డ ఆల్ఫోన్సో దె పోర్తాగో. పక్క సీట్లో ఎడ్మండ్ నెల్సన్. కారు జనంలోకి పోయింది. వాళ్ళిద్దరితో పాటు రోడ్డు వార నిలబడి చూస్తున్న తొమ్మిదిమంది చనిపోయారు. అందులో అయిదుగురు పిల్లలు. దానితో మిలె మిలియా పందెం ఆగిపోయింది. తరవాత 1977 నించి పాత కార్ల ఊరేగింపులాగా జరుపుతున్నారు గాని అది పందెం కాదు. ఎన్జో ఫెరారీ మీద కేసు పెట్టారు. 1961లో కొట్టేశారు.

ఆ మర్నాటి నించీ క్లెమ్ ఫొటోలకి అర్థం మారిపోయింది. ఎవరూ మార్చలేదు, దానంతట అదే మారింది. బయట నిలబడి తీసిన ఫొటోలో కారే నాయకుడు. జనం వెనక మసక. కారు లోపల నించి తీసిన ఫొటోలో రోడ్డు వార నిలబడ్డ ఆ మనుషులే ఎదురుగా ఉంటారు. కంచె లేకుండా, అమాయకంగా, కారుకి చేరువలో నిలబడి ఉంటారు. వాళ్ళకీ చక్రానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ ఫొటో ఒక్కటే నిజంగా చెబుతుంది. అప్పటికి లైబ్రరీలో నేను చూసింది డ్రైవరు చేతుల్నే. జనాన్ని చూడటానికి నాకు ఇంకా కొన్నేళ్ళు పట్టింది.

కాలిన్స్ మరుసటి ఏడు, 1958 ఆగస్టు 3న, జర్మనీలో నూర్‌బర్గ్‌రింగ్‌లో పోయాడు. ఇరవై ఆరేళ్ళు. పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. పార్నెల్ 1964లో జబ్బు చేసి పోయాడు. క్లెమ్ తను పక్కన కూచున్న ఇద్దరికన్నా ఎన్నో ఏళ్ళు ఎక్కువ బతికాడు. దాదాపు తొంభై ఏళ్ళ నిండు జీవితం. ఆయన నెగటివుల రాశి ఒక అమెరికా సేకర్త చేతికి చేరి, ఆయన పేరుతోనే భద్రంగా నిలిచింది. ఇప్పుడు ఆ కాలపు పందేల గురించి ఎవరు పుస్తకం వేసినా ఆ రాశి దగ్గరికే పోతారు. ఆయన పోయినప్పుడు నేను వార్త చదివి ఆ పూట ఇంకేమీ చెయ్యలేకపోయాను. ఎన్నడూ చూడని మనిషి కోసం ఏమిటిదని మా ఆవిడ అడిగింది. చెప్పలేకపోయాను.

ఇప్పుడు చెబుతాను. క్లెమ్‌కీ నాకూ ఉన్న తేడా కెమెరాలో లేదు. ప్రతిభలో ఉందనుకోండి, అది వేరే మాట. డెవన్ తీరాన ఆయన కూడా నాలాగే గాజులోంచి చూసి దూరం మర్చిపోయాడు. కాని ఆ తప్పుకి మూల్యం ఆయన కాళ్ళే పరిగెత్తి చెల్లించాయి. మిలె మిలియాలో ప్రమాదం ఫొటో తీసేవాడికీ, తీయించుకునేవాడికీ సమానమే. ఒకరికి జరిగేదే ఇంకొకరికి జరుగుతుంది. నేను మాత్రం రోడ్డు పక్కన నిలబడి ఇంకొంచెం ఒరగమన్నాను. ఒరిగింది వాడు. పడింది వాడు. అబద్ధం ఆడింది నేను.

మొన్న పాత విద్యార్థుల సమావేశానికి వచ్చినప్పుడు చూశాను. వర్క్‌షాపు వెనక మలుపు అలాగే ఉంది. కంకర లేదు, సిమెంటు వేశారు. అక్కడే ఒక కుర్రాడు మోటారు సైకిలు మీద ముందు చక్రం లేపుతున్నాడు. ఇంకొకడు మోకాళ్ళ మీద కూచుని సెల్‌ఫోనుతో వీడియో తీస్తున్నాడు. ఇంకొకసారి, ఇంకొకసారి అంటున్నాడు. ఫిల్ము ఖర్చు కూడా లేదు ఇప్పుడు. ఎన్నిసార్లయినా అనొచ్చు. నేను దగ్గరికి పోయి ఏదో చెప్పబోయాను. పెద్దాయన పాఠం మొదలెట్టాడని వాళ్ళు నవ్వేసి బండి స్టార్టు చేశారు. తప్పు వాళ్ళది కాదు. నేను చెప్పబోయింది కంకర కథే. మలుపులో జాగ్రత్త నాయనా, మా స్నేహితుడొకడు జారిపోయాడు అని. అందులో పస ఎక్కడుంది? అసలు కథ చెప్పుంటే ఆ ఫోను పట్టుకున్న కుర్రాడైనా ఒక్క క్షణం ఆగేవాడేమో. అందుకే ఇది సావనీరుకి రాశాను. బండి మీదున్నవాడి కోసం కాదు, ఫోను పట్టుకున్నవాడి కోసం. నాయనా, ఇంకొకసారి అనే ముందు నువ్వు వెళ్ళి ఆ వెనక సీటు మీద కూచో. కూచోగలిగితే అప్పుడు అను.

మా వాడు ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాడు. రిటైరయ్యాడు. మనవలకి సైకిలు నేర్పుతూ, కంకర చూసుకోండర్రా, నేను చూసుకోక ఇలా అయ్యాను అని చెబుతూంటాడు. నా చెవులతో విన్నాను. నలభై ఏళ్ళకి పైగా వాడు చెయ్యని తప్పుని తన నెత్తిన మోస్తున్నాడు. వాడికి ఈ సావనీరు ప్రతి ఏడూ పోస్టులో అందుతుంది. అట్ట నించి అట్ట దాకా చదువుతాడు, ప్రకటనలతో సహా.

అచ్చులో చూసి తెలుసుకోవటం కన్నా అన్యాయం ఇంకోటి ఉండదు. అదీ దూరం నించి తీసిన ఫొటో లాంటిదే అవుతుంది. అందుచేత ఇది మీకు పంపి, రేపు పొద్దున్న బండికి రాజమండ్రి బయల్దేరుతున్నాను. ఉత్తరం రాయొచ్చు, ఫోను చెయ్యొచ్చు. కాని వాడి పక్కన కూచునే చెప్పాలి.